చదువుకున్నోళ్లకు తప్పెటెందుకు?

(గోరంట్లలో జరిగిన సభలో హాస్టల్ పాత విద్యార్థుల తప్పెట దళం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

   

మమ్మల్ని కొట్టమని పిలుస్తారు గానీ మాట్లాడమని ఎవరూ పిలవరు. ఈ సభవాళ్లు మాట్లాడమన్నారు. ఒకరు మాట్లాడండి, మరిచిపోయింది వెనక నుంచి మేం అందిస్తాం అని మావాళ్లు నన్ను ముందుకు తోసినారు. కాబట్టి ఇది ఒక్కరి మాట కాదు, మా అందరిదీ.

మేం ఎవరం? ఈ పక్క సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి చదువుకుని బయటపడినోళ్లం. 1980లలో చదివినోళ్లున్నారు, 2000 దాటినాక చదివినోళ్లున్నారు. ఒకన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయినాడు. ఇద్దరు బడిపంతుళ్లు. ఒక తమ్ముడు పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. నలుగురు బెంగుళూరులో సెంట్రింగ్ పనికి పోయి పదిహేను దినాలకొకసారి వస్తారు. ఒకక్క నర్సు. మిగిలినోళ్లది సెనక్కాయ సేద్యం, అంటే వానొస్తే సేద్యం, రాకపోతే ఉపాధి కూలి. వీళ్లందరినీ ఒకచోట కలిపింది ముందు హాస్టలు, ఇప్పుడు తప్పెట.

మేం తప్పెట పట్టుకున్న కొత్తలో మమ్మల్ని నిలదీసింది ఊర్లో పెద్దకులాలోళ్లు కాదు, మా గేరిలో మా అత్తే. "మీ నాయన కొట్టి కొట్టి సచ్చె. నిన్ను సదివించింది మళ్లా దాన్ని తగిలించుకునేదానికేనా రా?" అనింది. ఆ మాటకు జవాబు చెప్పకుండా తప్పించుకోలేం. ఆమెకు అడిగే హక్కుంది. ఈరోజు మా ప్రసంగమంతా ఆ అత్తకు జవాబే అనుకోండి.

తప్పెట సంగతి మీకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. మనం తప్పెట అంటాం, పలక అంటాం. తెలంగాణలో డప్పు. గడి దాటి బాగేపల్లి, గౌరిబిదనూరు పోతే తమటె. అరవదేశంలో పరై. పేర్లు వేరైనా దాన్ని మోయాల్సిన కులాన్ని మాత్రం ఊరు ఎక్కడైనా ఒకే తీరున నిర్ణయించింది. చావైతే తప్పెట, మారెమ్మ జాతరైతే తప్పెట, పెద్దమనిషి ఊరేగితే ముందర తప్పెట, పన్ను కట్టమని చాటింపు వేయాలంటే తప్పెట. అమ్మవారు కదలాలంటే మాదిగోడు కొట్టాల. కదిలినాక ఆ మాదిగోడు గుడిమెట్టుకు ఎంత దూరాన నిలబడాల్నో ఊరు చెప్తాది. దీనికి కూలి ఏంది? కళ్లం కాడ చాటెడు రాగులో జొన్నలో మేర కింద కొలిచేది. చావింటి కాడ ఒక సీసా సారాయి. రాను అంటే ఏమయ్యేదో ఈ సభలో తల నెరిసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. కూలికి పిలవరు. అంగట్లో ఉప్పు ఇయ్యరు. చేను గట్టు మీద గొర్రెను మేపుకోనియ్యరు.

అందుకే మన ముందరితరంలో తెలివైనోళ్లు తప్పెటను అటకెక్కించినారు. 1927 మార్చిలో మహద్ సభలో బాబాసాహెబ్ చెప్పింది ఏంది? చచ్చిన గొడ్డు మాంసం మానండి, ఎంగిలి మెతుకులు మానండి, ఊరికి కట్టుబానిసలుగా ఉండే పనులు ఇడిసిపెట్టండి అని. ఆ మాట మన ఊర్లకు ఎంత ఆలస్యంగా చేరినా, చేరిన చోటల్లా మనోళ్లు సిర్ర కింద పడేసినారు. అది చిన్న పోరాటం కాదు. రాజ్యాంగంలో 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1990 జనవరి 30 నుంచి అమల్లోకొచ్చిన అట్రాసిటీ చట్టం మనతో వెట్టి చేయించడాన్ని నేరం అనింది. కానీ చట్టం చదివి ఊరు మారలేదు. కొట్టను అని నిలబడిన మనిషి దగ్గర ఊరు ఆగింది. కాబట్టి తప్పెట పడేసినోళ్ల మీద మాకు గౌరవం ఉంది. మేం వాళ్లకు ఎదురు పోవడం లేదు. వాళ్లు పడేయబట్టే ఈరోజు మేం దాన్ని మా ఇష్టంతో ఎత్తుకోగలిగినాం. ఇడిసిపెట్టే హక్కు లేనోనికి పట్టుకోవడంలో సంతోషం యాడుంటుంది?

ఇక హాస్టలు సంగతి. హాస్టలుకు పోయిన ప్రతి పిల్లోనికీ ఒక రేకుపెట్టె ఉంటుంది. ఇంటి కాడ అప్పు చేసి కొనిచ్చేది అదొక్కటే. అందులో రెండు జతల గుడ్డలు, ఒక పళ్లెం, గ్లాసు, పుస్తకాలు, అమ్మ కట్టించిన ఊరిబిండి. రాత్రి అన్నం బెల్లు కొట్టకముందు ఆకలి ఆపుకోవడానికి మేం ఆ రేకుపెట్టెల మీద కొట్టేవాళ్లం. ఎవరో ఒకరు వాళ్ల నాయన దరువు ఎత్తుకుంటారు. పక్కోడు అందుకుంటాడు. ముప్పై పెట్టెలు ఒక్కసారి మోగితే ఆ రేకుల షెడ్డు అదిరిపోయేది. చెన్నేకొత్తపల్లి పక్క పిల్లోడు ఒక తీరుగా కొడతాడు, చిలమత్తూరు పక్క పిల్లోడు కన్నడ గాలి తగిలినట్టు ఇంకో తీరుగా కొడతాడు. మాల పిల్లోళ్లు, మాదిగ పిల్లోళ్లు, ఎరుకల పిల్లోళ్లు అందరికీ వచ్చేది. ఎవరూ నేర్పలేదు. ఆకలి నేర్పిందంటే అతిశయం కాదు.

అప్పుడు ఒక సారు వచ్చేవాడు. పేరు మనకెందుకు. "పుస్తకం పెట్టినా మీకు తప్పెటే గుర్తొస్తాది రా, పుట్టుక యాడికి పోతాది" అని బెత్తం తీసేవాడు. బడిలో కూడా అంతే. పాట పోటీ పెడితే పాట పాడొచ్చు, హార్మోనియం ఉంటే చప్పట్లు కొట్టొచ్చు. తప్పెట మాత్రం బడి గేటు లోపలికి రాకూడదు. ఆగస్టు పదిహేనుకు ఊరేగింపు పోయేటప్పుడు టౌను బ్యాండు మేళం వస్తే మమ్మల్ని వరసలో నిలబెట్టి దాని వెనక నడిపించేవాళ్లు. అది సంగీతం, ఇది పుట్టుక! మన చేతిలోని విద్యను చూసి మనకే సిగ్గు పుట్టించడం ఈ చదువులో నేర్పిన మొదటి పాఠం. అఆలు తర్వాత వచ్చినాయి.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టింది. అప్పటికి మాలో కొందరు తొమ్మిదీ పదీ చదువుతున్నారు. దండోరా అనే పేరులో ఎంత ఎదురుతిరుగుడు ఉందో ఆలోచించండి. ఊరి పెత్తందారు మాటను వీధి వీధికీ చాటింపు వేసే పని అది. ఆ పని పేరే తీసుకుని, ఈసారి చాటేది మా మాట అన్నారు. అంతకు ముందే 1972 నుంచి జననాట్య మండలి, గద్దర్ గొంతు వెనక డప్పు ఊరూరా తిరిగింది. 1985 జూలై 17 కారంచేడు తర్వాత, 1991 ఆగస్టు 6 చుండూరు తర్వాత దళిత సభల్లో డప్పు మోగకుండా మైకు పట్టినోళ్లు లేరు. గడి అవతల కర్ణాటకలో దళిత సంఘర్ష సమితి సభల్లో తమటె మోగేది. మన బంధువుల పెండ్లికి అటు పోయినప్పుడు చూసొచ్చినోళ్లు మాలో ఉన్నారు. తప్పెట చావింటి ముందరే కాదు, సభ ముందర కూడా మోగుతుందని మాకు తెలిసింది అట్లా.

తర్వాత ఏమయింది? ఎవరి బతుకు వాళ్లది. ఉద్యోగమొచ్చినోడు టౌనుకు పోయినాడు, రానోడు బెంగుళూరుకు పోయినాడు. ఇరవై ఏండ్లు, ముప్పై ఏండ్లు.

ఈమధ్య పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం అని ఒకటి బయలుదేరింది కదా. ప్రతి బ్యాచూ చేస్తాది. ఫంక్షన్ హాలు బాడుగకు తీసుకుంటారు, సార్లకు శాలువాలు కప్పుతారు, గ్రూపు ఫొటో దిగుతారు, బిర్యానీ తింటారు, వాట్సాప్‌లో గ్రూపు పెడతారు. నెల రోజులు గుడ్ మార్నింగులు, ఆ పైన ఎవరన్నా చచ్చిపోతే చేతులు జోడించిన బొమ్మలు. మా హాస్టల్ పాతోళ్లం కూడా అట్లాగే కలిసినాం. మధ్యాహ్నం కరెంటు పోయింది. సౌండు బాక్సులు మూగబోయినాయి. ఏం చేయాల్నో తెలియక కూచుంటే ఎవరో వంటోళ్ల ఖాళీ డబ్బా తిరగేసి రెండు దెబ్బలేసినారు. అది మా రేకుపెట్టెల దరువు. ఒకరు బెంచీ మీద, ఒకరు పళ్లెం మీద, ఒకరు నీళ్ల క్యాను మీద. యాభై ఐదేండ్ల మనుషులు, పొట్టలొచ్చినోళ్లు, షుగర్ మాత్రలు జేబులో పెట్టుకున్నోళ్లు, చొక్కాలు తడిసేదాకా కొట్టినారు. కరెంటొచ్చినా ఎవరూ ఫ్యాను వేయలేదు. ఆరోజు సాయంత్రం అందరి నోటా ఒకటే మాట: ఇది ఏడాదికొకసారి బిర్యానీతో పోయేది కాదు, నిజం తప్పెటలు తెచ్చి సరిగ్గా నేర్చుకుందాం.

నేర్చుకోవడం అంటే గురువు కావాల. మాలో ఒకని పెదనాయనే గురువు. డెబ్బై దాటినాడు. ఊర్లో ఎన్ని చావులకు కొట్టినాడో లెక్క లేదు. పోయి అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి రెండు షరతులు పెట్టినాడు. తాగి రాకూడదు. ఎవుని తప్పెట వాడే కాచుకోవల్ల, ఇంకొకనితో కాపించుకోకూడదు. రెండోది మాకు మొదట అర్థం కాలేదు. ఆ తర్వాత తెలిసింది. ఆయన జీవితమంతా పెద్దింటోళ్లు అరుగు మీద కూచుని "కాచుకుని రా పో" అని పంపితే పోయినోడు. మాలో పంతుళ్లు, గుమాస్తాలు ఉన్నారు కదా. వీళ్లు మళ్లా అరుగు మీద కూచోకూడదని ఆయన ముందే చెప్పినాడు.

కాచడం తెలియని చిన్నోళ్ల కోసం చెప్తాం. చెక్కతో చేసిన వలయానికి తోలు బిగించి, చింతగింజల బంకతో అంటిస్తారు. తోలు గాలిలో తేమ పీల్చుకుంటే వదులైపోతాది, గొంతు రాదు. ఎండుగడ్డో, సెనక్కాయ పొట్టో మంటేసి, తప్పెటను దగ్గర పట్టి తిప్పుతా ఉంటే తేమ ఆరి తోలు బిగుసుకుంటాది. ఎక్కువ కాస్తే పగులుతాది, తక్కువ కాస్తే మొద్దుగా పలుకుతాది. వేలుతో తట్టి చూసి ఆపాల. వానాకాలమైతే పది నిమిషాలకొకసారి మంట దగ్గరికి పరిగెత్తాల. ఇప్పుడు ఫైబర్ తప్పెటలు వచ్చినాయి. బోల్టులు తిప్పితే బిగుసుకుంటాయి, వానకు భయం లేదు, మోసేదానికి తేలిక. మా దళంలో రెండూ ఉన్నాయి. పెద్దాయన ఫైబర్ వైపు చూడడు. "అది పలికేది నిజమే, అయితే దానికి మంటతో పని లేదు గదా" అంటాడు. ఆయన బాధ మాకు కొంచెం అర్థమైంది. తప్పెటోళ్ల ముచ్చట్లన్నీ ఆ మంట చుట్టే కదా జరిగేది. మేం కూడా కొట్టిన కాలం కంటే మంట చుట్టూ కూచుని పాత హాస్టల్ కథలు చెప్పుకున్న కాలమే ఎక్కువుంటాది.

ఎడమ భుజానికి తగిలించుకుని, ఎడమచేతిలో సన్నంగా పొడుగ్గా ఉండే చిటికెన పుల్ల, కుడిచేతిలో పొట్టిగా లావుగా ఉండే సిర్ర. సిర్ర గుండెలాంటిది, గట్టి దెబ్బ అది వేస్తాది. చిటికెన పుల్ల మాట పలికిస్తాది. నేర్చుకునేటోడు అంతా కుడిచేతి మీదే పెడతాడు, నిజమైన విద్య ఎడమచేతిలో ఉంది. మొదటి నెల మా చూపుడువేళ్లు బొబ్బలెక్కినాయి. మా కండక్టరన్న ముప్పై ఏండ్లు టికెట్లు కొట్టిన చెయ్యి కదా, వేగం భలే ఉంటాది. కానీ బస్సు కదలకముందే రైట్ రైట్ అన్నట్టు అందరికంటే ముందు బయలుదేరతాడు. ఆయన్ను ఆపేదానికి పక్కన పంతులును నిలబెట్టినాం. కార్ల ఫ్యాక్టరీ తమ్ముడు ఒకసారి అన్నాడు: "ఆడ మిషను లెక్కకు నేను కదలాలన్నా. నా లెక్కకు ఏదీ కదలదు. ఈడ నేను దెబ్బేస్తే ఇరవై మంది అడుగేస్తారు." ఆ పిల్లోడు రాత్రి షిఫ్టు దిగి నిద్ర మానుకుని వస్తాడు.

ఆ సంతోషం ఎట్లాంటిదో చెప్పమంటే మాకు మాటలు తక్కువ. ఒక్కరే కొడితే చప్పుడు. నలుగురు కొడితే దరువు. ఇరవై మంది ఒక దెబ్బకు కలిస్తే నీ తప్పెట నీకు వినపడదు. నీ చెయ్యి కదులుతా ఉంటుంది, చప్పుడు మాత్రం నీది కాదు, అందరిదీ. రొమ్ము ఎముక లోపల దెబ్బ తగులుతాది. వరస తిరిగేటప్పుడు, కిందికి వంగి లేచేటప్పుడు, పక్కోని భుజం కదలికను చూసి నీ అడుగు దానంతటదే పడతాది. మోకాళ్ల నొప్పులున్నోడు ఆ అరగంట నొప్పి మరిచిపోతాడు. మరుసటి దినం రెండింతలు గుర్తుకొస్తాది, అది వేరే సంగతి. నలభై ఏండ్లు "సార్ సార్" అని వంగి బతికిన మనిషి ఎదురురొమ్ముతో బజారు నడిబొడ్డున నిలబడి చేయెత్తి కొడితే, ఆ మనిషి మొహం ఎట్లుంటాదో చూడాల.

మొదటిసారి బయట కొట్టింది ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతికి. గేరిలో నుంచి బయలుదేరి గోరంట్ల బజారులోకి వచ్చినాం. ఏ ఊరేగింపు ముందరా నడవలేదు. మా వెనక దేవుడు లేడు, పీనుగ లేదు, పెద్దమనిషి లేడు. మా ముందర ఒక పటం, వెనక మా పిల్లోళ్లు. బస్టాండు కాడ ఆగి ఇరవై నిమిషాలు ఆడి కొట్టినాం. బస్సులో కిటికీల నుంచి జనం తలలు బయట పెట్టినారు. మమ్మల్ని నిలదీసిన అత్త కూడా వచ్చింది. ఒక పక్కగా నిలబడి కడదాకా చూసింది. మెచ్చుకోలేదు. "నీ ఎడమచెయ్యి మీ నాయనంత లేదు లే" అని మాత్రం అని పోయింది. మా వాడు ఆ వారమంతా ఎడమచేతికి సాధన చేసినాడు.

మాలో అక్కలు చేరడం అంత సులభంగా జరగలేదు. ఆడోళ్లు తప్పెట ముట్టకూడదు, తోలు మైలపడతాది అని మనోళ్లే అన్నారు. మైల అనే మాట ఎవరు మనకిచ్చినారు? ఊరు మనల్ని మైల అంటే మనకు కోపం వస్తాది. ఆ మాటే మనం ఆడోళ్ల మీదికి విసిరితే అది మన ఆచారమైపోతాదా? తమిళనాడు దిండిగల్లులో శక్తి బృందంలో దళిత ఆడపిల్లలు దశాబ్దాలుగా పరై కొట్టి ఆడుతున్నారు, సిస్టర్ చంద్ర వాళ్లను తయారు చేసింది. బీహారులో పాట్నా పక్కన దానాపూర్ దగ్గర ఢిబ్రా పల్లెలో దళిత కూలి మహిళలు బ్యాండు మేళం పెట్టుకుని పెండ్లిళ్లకు డబ్బు తీసుకుని వాయిస్తున్నారు. సుధా వర్గీస్ అనే ఆమె ప్రోత్సాహంతో మొదలైన సర్గం బ్యాండు అది. మొదట్లో మొగుళ్లు నవ్వినారు, డబ్బు ఇంటికొచ్చినాక నవ్వు ఆపినారు. మా నర్సక్క అయితే ఎవరినీ ఒప్పించలేదు. ఒక ఆదివారం వచ్చి తప్పెట తగిలించుకుని నిలబడింది. పెద్దాయన ఆమె చెయ్యి సరిచేసి "మణికట్టు వదులు చెయ్యమ్మా" అన్నాడు. అంతటితో చర్చ ముగిసింది. ఇప్పుడు ఆడపిల్లల హాస్టల్లో చదివినోళ్లు ఐదుగురు ఉన్నారు మాతో.

అమెరికాలో కూడా ఇట్లాంటి దళాలు ఉన్నాయట కదా అని ఒక తమ్ముడు అడిగినాడు. ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల సంఘాలు డ్రమ్ములతో, బాకాలతో దళాలు పెట్టినాయి. పెద్ద పోటీల్లో కొట్టే పిల్లలు ఇరవై దాటి ఒకటి రెండేండ్లకే బయటికి పోవాల. అట్లా పోయినోళ్లు నడివయసులో మళ్లీ కలిసి పాత విద్యార్థుల దళాలు కట్టుకుని, మోకాళ్లకు పట్టీలేసుకుని కొడతారు. వాళ్ల సంతోషమూ మా సంతోషమూ చాలావరకు ఒకటే అనిపిస్తాది. కానీ ఆ దేశంలోనే ఇంకో కథ ఉంది, అది మనకు ఇంకా దగ్గరిది. 1739లో దక్షిణ కరోలినాలో స్టోనో అనే చోట నల్ల బానిసలు తిరగబడి డ్రమ్ములు మోగిస్తా నడిచినారు. వాళ్లను అణచినాక 1740లో దొరలు చట్టం చేసి బానిసల చేతుల్లో డ్రమ్ములు ఉండకూడదన్నారు. వాళ్లను కొట్టొద్దని కట్టేసినారు, మనల్ని కొట్టమని కట్టేసినారు. ఏం కొట్టాల్నో ఎప్పుడు కొట్టాల్నో మనిషి తానే నిర్ణయించుకోకూడదు అనేది రెండు చోట్లా దొర లెక్క.

ఇప్పుడు అసలు పేచీకి వస్తాం. మా పేరు కొంచెం బయటికి పోయినాక పిలుపులు మొదలైనాయి. ఒక ఊర్లో పెద్ద భూస్వామి ముసలాయన చచ్చిపోతే మనిషిని పంపినారు. "స్టేజీ ఎక్కి కొడతారు గదా, ఈడికి రాలేరా? డబ్బు ఎంతైనా ఇస్తాం" అని. మేం పోలేదు. డబ్బు చాలదని కాదు. "ఎంతైనా ఇస్తాం" అన్న గొంతులో పాత చాటెడు రాగుల కొలతే వినపడింది. అదే వారం మా గేరిలో ఒక కూలి ముసలమ్మ చచ్చిపోతే పిలవకుండా పోయినాం. సారాయి లేదు, కూలి లేదు. రాత్రంతా కొట్టినాం. పొద్దున పాడె లేచినాక ఆమె కొడుకు మాకు టీ పోసినాడు. మన చావుకు మనం కొట్టుకోవడంలో అవమానం ఎక్కడుంది? మన మనిషిని సాగనంపేటప్పుడు చప్పుడు లేకుండా పంపడమే మాకు అవమానం అనిపించింది.

పార్టీలోళ్లు కూడా పిలుస్తారు. అన్ని పార్టీలూ. మంత్రి వస్తున్నాడంటే స్వాగతానికి తలపాగాలు చుట్టి ఎండలో మూడు గంటలు నిలబెడతారు. కారు అద్దం దించకుండా పోతాడు ఆయన. ఇదేం కొత్త వెట్టి? సభలో మా మాటకు ఐదు నిమిషాలు ఇస్తేనే వస్తాం అని చెప్తున్నాం. ఆ షరతు విని చాలామంది ఫోను పెట్టేస్తారు. మాకు ఆదివారాలు మిగులుతున్నాయి.

అన్నిటికంటే కష్టమైన పేచీ మన లోపలిది. మాకు జీతాలున్నాయి, కూలి పనులున్నాయి. తప్పెట మాకు సంతోషం. కానీ తప్పెట మీదే బతికే మనోళ్లు ఈ మండలంలో ఇంకా ఉన్నారు. పెండ్లికి, జాతరకు కొట్టి నాలుగు రూపాయలు తెచ్చుకుంటేనే ఇంట్లో పొయ్యి వెలిగే ముసలోళ్లు. మేం సరదాగా ఊరికే పోయి కొడితే వాళ్ల నోటికాడి సంగటి ముద్ద తీసినట్టే. ఒక జాతర కమిటీ మా దగ్గరికి వచ్చి "మీరు ఉచితంగా వస్తారంట గదా, పాతోళ్లకు చెప్పేస్తాం" అన్నప్పుడు ఈ సంగతి మాకు తలకెక్కింది. అప్పటి నుంచి కట్టుబాటు పెట్టుకున్నాం. కూలి దొరికే చోటికి మేం పోం, వాళ్లనే పంపుతాం. వాళ్లకు తక్కువ ఇస్తామంటే వాళ్ల పక్కన నిలబడి బేరం మాట్లాడతాం. రాసుకోవడం, లెక్క వేయడం, అడగడం మాకొచ్చు. చదువు ఆ పనికి రాకపోతే ఇంకెందుకు? మూడు జాతరలకు అట్లా బేరం మాట్లాడినాం. రెండు చోట్ల కూలి పెరిగింది. మూడో చోట బ్యాండు మేళం పెట్టుకున్నారు. అది కూడా చెప్పాల కదా.

మాల, మాదిగ మాట దాచిపెట్టి లాభం లేదు. మా దళంలో ఇద్దరూ ఉన్నారు. వర్గీకరణ మీద 2004లో సుప్రీంకోర్టు ఒకమాట చెప్పింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని తిరగరాసి రాష్ట్రాలు వర్గీకరణ చేసుకోవచ్చు అనింది. ఆ దినం మా మంట చుట్టూ మాటలు వేడిగానే నడిచినాయి. ఒకన్న లేచిపోయి రెండు ఆదివారాలు రాలేదు. మూడో ఆదివారం వచ్చినాడు. ఎవరూ ఏమీ అడగలేదు, ఆయన చోటు ఖాళీగానే ఉంచినాం. వాటా సంగతి వాటా దగ్గర తేల్చుకోవాల్సిందే, మాదిగోని ఆకలి మాటలతో తీరదు. కానీ ఒకే పళ్లెంలో తిన్న హాస్టల్ పిల్లోళ్లం. ఎదురెదురు నిలబడి కొట్టేటప్పుడు ఒకని దెబ్బకు ఒకడు జవాబియ్యాల్సిందే, లేకపోతే దరువు నడవదు. మాకు చేతనైన ఐక్యత ఇంతే. ఉపన్యాసంతో వచ్చే ఐక్యత కంటే ఇది కొంచెం గట్టిదని మా నమ్మకం.

2025లో మదురై పక్క పరై కళాకారుడు వేలు ఆసాన్‌కు పద్మశ్రీ ఇచ్చినారు. సంతోషం. ఒక పరైకి ఢిల్లీలో పీట వేసినారు. మన ఊరి తప్పెటలు మాత్రం ఇంకా గుడి బయటే ఉన్నాయి. బిరుదు వస్తే తీసుకుందాం, ఊరి కాడ అడగాల్సింది అడుగుతా ఉందాం.

ఇంకో రెండు మాటలు, పని మాటలు. డప్పు కళాకారులకు ప్రభుత్వం పింఛను ఇస్తాది, యాభై ఏండ్లు దాటినోళ్లకు. 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. మీ ఊర్లో అర్హులుండి రానోళ్లుంటే ఆధార్ కార్డు, తప్పెట పట్టుకున్న ఫొటో తీసుకుని మా దగ్గరికి పంపండి. అర్జీ మా పంతులు రాస్తాడు, సచివాలయానికి మా నర్సక్క వెంట వస్తాది. ఆమె వెంట వస్తే పని జరుగుతాది, చూసినోళ్లకు తెలుసు.

హాస్టల్లో చదివినోళ్లు ఏ బ్యాచైనా, ఏ కులమైనా, ఆడైనా మగైనా రావచ్చు. ప్రతి ఆదివారం పొద్దుగూకేటప్పుడు గేరి దాటినాక చింతమాను కింద ఉంటాం. బెంగుళూరు నుంచి వచ్చేటోళ్లు ముందుగా ఒక ఫోను చేస్తే చాలు. తప్పెట లేదని ఆగొద్దు, మా కాడ నాలుగు ఎక్కువున్నాయి. అవి కూడా చాలకపోతే ఇంట్లో పాత రేకుపెట్టె ఉంటే తెచ్చుకోండి, మొదటి నెలకు అది సరిపోతాది.

అదిగో, మావాళ్లు అవతల సెనక్కాయ పొట్టు మంటేసి తప్పెటలు కాచేసినారు. ఇంకా మాట్లాడితే తోలు చల్లారిపోతాది. జై భీమ్.